ఆరో తీగ

రత్నావతి పప్పుకి తాలింపు వేస్తుండగా కిశోర్‌కుమార్ ఫోన్ మోగింది. బిస్కట్ ఫ్యాక్టరీ మేనేజర్ మలర్.

"నిన్న మీరు పెట్టిన కెమెరా పనిచెయ్యడం లేదు. మోటార్లు తిప్పగానే బొమ్మ ఆగిపోతోంది. పన్నెండింటికి డైరెక్టర్లు వస్తున్నారు. అప్పటికి నడవకపోతే వేరేవాళ్ళని పిలుస్తాను, లా," అంది, ఆ ఊళ్ళో అందరికీ అలవాటైన 'లా' మాట చివర తగిలించి.

కిశోర్ ముఖం పాలిపోయింది. రత్నావతి పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, పనిముట్ల సంచి భుజాన వేసుకుంది.

"మొగుడెనకాల సంచి మొయ్యడానికి అంత తొందరేటే? అన్నం ఎవులు వొండుతారు?" అంది అత్తగారు కన్నమ్మ.

బంటింగ్ రోడ్డు మీద వ్యాను పరుగెడుతోంది. పదకొండేళ్ళుగా రత్నావతి ఆ సంచి మోస్తూనే ఉంది. ఊళ్ళో అందరికీ కిశోర్ కంప్యూటర్లకీ కెమెరాలకీ లైన్లు లాగే 'నెట్‌వర్క్ బాసు', ఆమె బాసు గారి భార్య. కానీ క్లాంగ్ పట్నం వెళ్ళి ఆ పని కోర్సు చదివింది ఆమె. ఆఫీసు బల్లలకి మామూలు క్యాట్ సిక్స్ కేబుల్ చాలనీ, మోటార్ల పక్కన నడిచేదానికి రేకు చుట్టిన షీల్డెడ్ కేబుల్ కావాలనీ వంటగదిలో కూర్చుని గీసి ఇచ్చిందీ ఆమే. ప్రతి కొసనా ఎనిమిది రంగు తీగల్ని వరసలో పేర్చి ప్లగ్గులో బిగించేదీ ఆమే. ఎందుకంటే కిశోర్ కళ్ళకి ఆకుపచ్చ రంగూ, గోధుమ రంగూ ఒకటే. పెళ్ళైన మొదటి నెలలో చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఫ్యాక్టరీలో వేసిన నలభై ఎనిమిది లైన్లలో నలభై ఏడు ఆమె చేతివి. నిన్న ఫ్యాక్టరీలో ఎవడో "పెళ్ళాం లేకుంటే వైరు పెట్టలేవా?" అని నవ్వాడట. ఆ రోషంతో ఆమెను ఇంటికి పంపి, కెమెరా లైను ఒక్కటీ తానే బిగించాడు. తీగలు పరీక్షించే టెస్టర్ మీద ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయని రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు చెప్పాడు.

ఫ్యాక్టరీలో మలర్ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

"ఈ లైను బిగించింది ఎవరు?"

కిశోర్ క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఆవిడే మేడమ్. ఆడోళ్ళ సెయ్యి కదా, లా. నాను సూసుకోనేదు."

పక్కనున్న ఫ్యాక్టరీ కుర్రాళ్ళిద్దరు కిసుక్కుమన్నారు. రత్నావతి చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ ఆమె పని అతని పేరున చెల్లింది, ఊరుకుంది. ఇవాళ అతని తప్పు ఆమె చేతికి అంటించాడు.

ఆమె నిచ్చెనెక్కి కెమెరా వెనక ప్లగ్గు ఊడదీసింది. పారదర్శకంగా ఉన్న మూతిలోంచి తీగలు కనిపిస్తున్నాయి. ఆరో చోట ఆకుపచ్చ ఉండాలి. గోధుమ ఉంది. రెండో కొస చూసింది. అక్కడా అంతే. రెండు వైపులా ఒకే తప్పు కాబట్టి దీపాలు సరిగ్గానే వెలిగాయి. కానీ మెలి తిరిగి కలిసి నడవాల్సిన తీగల జంట విడిపోయింది. జంట విడిపోతే మోటారు రొద లోపలికి దూరుతుంది.

"ఇది నా సెయ్యి కాదు మేడమ్," అంది దిగి. "మిగతా నలభై ఏడూ నావి. ఏదైనా తీసి సూడండి."

మలర్ ఊరుకోలేదు. మూడు తీయించి చూసింది. మూడింట్లోనూ ఒకే వరస, అచ్చు గుద్దినట్టు.

రెండు కొసలూ కత్తిరించి, తీగలు పేర్చి, బిగించడానికి రత్నావతికి ఆరు నిమిషాలు పట్టింది. మోటార్లు ఒక్కసారిగా గర్జించాయి. తెర మీద బిస్కట్లు ఒకదాని వెనక ఒకటి సాగిపోతున్నాయి. బొమ్మ ఎక్కడా ఆగలేదు. కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది.

మలర్ ఈసారి కిశోర్ వైపు తిరగలేదు. "వెనక గోడౌన్‌కీ లైను కావాలమ్మా. నూట నలభై మీటర్లు. ఇదే కేబుల్ లాగొచ్చా?"

"లాగొచ్చు మేడమ్," అన్నాడు కిశోర్.

"కుదరదు," అంది రత్నావతి. "రాగి తీగ వంద మీటర్ల దాకానే. ఆపైన గాజు తీగ, ఫైబర్ ఎయ్యాలి. నానే ఏస్తాను. ఆర్డరు నా పేరున రాయండి. రత్నావతి."

మలర్ రాసుకుంది.

వ్యాను ఎక్కాక కిశోర్ తాళం పెట్టి, తిప్పకుండానే ఆమె వైపు తిరిగాడు.

"నా కళ్ళ గురించి ఎందుకు సెప్పనేదే?"

"నీ కళ్ళ సంగతి నీది మావా, ఎవులికీ సెప్పను," అంది ఆమె. "నా సేతుల సంగతి మాత్రం ఇకమీద నానే సెప్పుకుంటాను."