తీసేయనా నాన్నా

పక్షవాతం వచ్చాక మా వారికి ఒక్క మాటే మిగిలింది. సరే. కిటికీ తెరవనా అంటే సరే, మూసెయ్యనా అన్నా సరే. పెళ్ళైన ఇన్నేళ్ళకు నా మాటకు ఎదురు లేకుండా పోయిందని నవ్వించబోతాను. దానికీ సరే అంటారు.

ఆయన ఆసుపత్రిలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు. డయాలసిస్ రోగుల్లో ఎవరిని ఏ పూట, ఏ యంత్రం మీద పడుకోబెట్టాలో చెప్పే ప్రోగ్రాము ఆయనదే. ఏది ఎందుకు రాశారో పక్కన ఒక్క ముక్క రాసిపెట్టేవారు కాదు. ఎవరైనా అడిగితే, "నేనున్నానుగా, అడగండి" అనేవారు. అందుకే ఆఫీసులో తాళాల గుత్తి అని పేరు పెట్టారు. ఇప్పుడు గుత్తి ఉంది, ఏది ఏ తాళానిదో చెప్పే నోరు లేదు.

ఆ ఉద్యోగంలోనే మా అమ్మాయి చేరింది. వద్దే అని మొత్తుకున్నాను. బట్టల కొట్టు ప్రోగ్రాములో తప్పు జరిగితే డబ్బు పోతుంది, అక్కడ తప్పు జరిగితే మనిషి పోతాడు అన్నాను. వింటేగా.

మొన్న సెలవు రోజు పొద్దున కంప్యూటర్ తెచ్చి ఆయన చక్రాల కుర్చీ ముందు పెట్టింది. కొత్త యంత్రాలు వచ్చాయట, ప్రోగ్రాము మార్చాలట. మధ్యలో కొన్ని లైన్లు అడ్డం పడుతున్నాయి. అవి కొందరు రోగుల్ని సాయంత్రం పూట నుంచి తీసి పొద్దుటి పూటలోకి నెడతాయి. ఎందుకో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"తీసేయనా నాన్నా?"

"సరే."

"పోనీ ఉంచనా?"

"సరే."

"ఉంచెయ్యవే తల్లీ. నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఉంచితే పొద్దున కిటకిట, సాయంత్రం యంత్రాలు ఖాళీ. వంతు కోసం చూస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా."

"తీసేస్తే?"

"ఎవరికి ఏమవుతుందో తెలియదు. అదే భయం."

గుమ్మంలో పోలీసులు నిలబడ్డట్టే అనిపించింది నాకు.

అమ్మాయి పాత రోగుల వివరాలన్నీ ఆ లైన్లతో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "తేడా వచ్చిన ప్రతి ఒక్కరూ ఏటి అవతలి వాళ్ళే" అంది నెమ్మదిగా.

ఆయన ఎడమ చెయ్యి లేచింది. అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపసాగారు. మళ్ళీ వచ్చిందిరా దేవుడా అనుకుని మాత్రల కోసం పరిగెత్తాను. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యవే, చూస్తావేం?"

"ఆగమ్మా. పడవ. పడవేనా నాన్నా?"

"సరే" అన్నారు. ఆ సరే వేరు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"సాయంత్రం దాకా ఉంటే ఆఖరి పడవ తప్పిపోతుంది. ఆ నీరసంతో రాత్రంతా రేవులో పడుండాలి. అందుకే వాళ్ళని పొద్దున పూటకు మార్చారు. అంతేనా?"

"సరే, సరే" అన్నారాయన. జబ్బు చేశాక ఆ మొహంలో వెలుగు చూడటం నాకదే మొదలు. అమ్మాయి ఆయన భుజం మీద తల ఆనించింది. కాసేపటికి ఎత్తి, "నాన్నా, ఏటి మీద వంతెన కట్టేశారు. పడవలు ఆపేశారు. రాత్రి పొద్దుపోయేదాకా బస్సులున్నాయి" అంది.

వంతెన కడుతుండగానే ఆయన మంచాన పడ్డారు. గాలిలో ఊగుతున్న చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది.

ఇవాళ్టికి వదిలెయ్యమని కళ్ళతో సైగ చేశాను. అమ్మాయి చూసింది. "వంతు కోసం ఆగినవాళ్ళు ఇంకా ఎన్నాళ్ళు ఆగుతారమ్మా?" అంది. ఆ లైన్లు ఎందుకు రాశారో, ఇప్పుడెందుకు అక్కర్లేదో, తర్వాత వచ్చేవాళ్ళకు తెలిసేలా ప్రోగ్రాములో రాసింది. తర్వాత ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఒక మీట మీద పెట్టింది.

"మీరే తీసేయండి నాన్నా."

నొక్కారు. లైన్లు పోయాయి. ఆమె మళ్ళీ నడిపించి చూసింది. తప్పు ఒక్కటీ రాలేదు. సాయంత్రం పూట నిండింది, కొత్తవాళ్ళకు చోటు దొరికింది. నేను భయపడ్డదేదీ జరగలేదు.

ఇప్పుడు అమ్మాయి కంప్యూటర్ తెరిచినప్పుడల్లా ఆయన కుర్చీ అటు తిప్పుతాను. ఇక తనను అడగడానికేముందన్నట్టు, ఆయన మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంటారు.