నలభై ఒక్క రోజుల ఫోటోలు

జితేందర్‌కు చేవెళ్లలో పెయింట్ల దుకాణం. తండ్రి పెట్టిన దుకాణమే. ఇతని చేతికి వచ్చాక రంగులు కలిపే మిషన్, కంప్యూటర్ బిల్లింగ్ వచ్చాయి. దాంతో చుట్టాలకు ఫోన్ నిండిపోయినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా "జితేందర్‌కు ఇయ్యి, చూస్తడు" అనడం అలవాటైంది. అతనికీ ఆ మాట ఇష్టంగానే ఉండేది.

చెల్లెలు నీలవేణిని మొయినాబాద్‌లో ఇచ్చారు. భర్త పరమేశ్వర్‌ది అక్కడే కిరాణా హోల్‌సేల్. మూడేళ్ల కింద వాళ్లకు కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసి రిత్విక్ అని పేరు పెట్టారు. గుండెలో రంధ్రంతో పుట్టిన ఆ పిల్లాడు నలభై ఒక్క రోజులు బతికాడు.

ఇంకో నెలకు నీలవేణి అన్న దుకాణానికి వచ్చింది. కౌంటర్ మీద ఫోన్ పెట్టి, దాని వైపు చూడకుండా మాట్లాడింది.

"అన్నా, బాబు ఫోటోలన్నీ ఇందులనే ఉన్నయి. ఫోన్ తెరిస్తే వాడే కనబడుతున్నడు. చూడలేకపోతున్న. తీసేద్దామంటే చెయ్యి వస్తలేదు. నువ్వు తీసి జాగ్రత్తగ పెట్టు. నేనెప్పుడన్న అడిగితే ఇయ్యి."

"నువ్వేం ఫికర్ చేయకు. నా దగ్గర భద్రంగ ఉంటయి," అన్నాడు జితేందర్.

రెండు వందల పన్నెండు ఫోటోలు, ఆరు వీడియోలు. ఆమె ఫోన్‌కు ఆన్‌లైన్‌లో ఉన్న జాగా ఎప్పుడో నిండిపోయింది, అవి ఇంకెక్కడా లేవు. జితేందర్ అన్నిటినీ తన హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఫోల్డర్‌కు 'నీలా' అని పేరు పెట్టి, ఫోన్‌లో ఒక్కటి కూడా మిగలకుండా తీసేసి ఇచ్చాడు. ఇంకో కాపీ వేరే చోట పెట్టాలని అప్పుడే అనుకున్నాడు. ఆదివారం చేద్దామనుకున్నాడు. ఆ ఆదివారం సరుకు లారీ వచ్చింది. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

పోయిన ఎండాకాలం ఇంటికి కొత్త టీవీ తెచ్చాడు. తాను దుకాణంలో ఉన్న వేళ వచ్చే క్రికెట్ మ్యాచ్‌లు రికార్డ్ చేసుకోవచ్చని తెలిసి తన పాత హార్డ్ డిస్క్ తెచ్చి టీవీకి తగిలించాడు. డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని టీవీ అడిగింది. పాత సినిమాలు, పాత బిల్లులు తప్ప అందులో ఏమున్నాయిలే అనుకుని నొక్కేశాడు. మూడు వారాలు మ్యాచ్‌లు రికార్డ్ చేసుకుని చూశాడు.

ఒక మధ్యాహ్నం భార్య మమత అన్నం వడ్డిస్తూ చెప్పింది. "మన నీలకు మళ్ల నెల తప్పిందట. మూడో నెల."

ముద్ద చేతిలో ఉండగానే జితేందర్‌కు ఫోల్డర్ గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని వెళ్లి డిస్క్‌ను లాప్‌టాప్‌కు పెట్టి చూశాడు. మ్యాచ్‌లు తప్ప ఏమీ లేవు. ఏమైందని మమత అడిగితే, ఆకలి లేదన్నాడు.

ఆ రోజు నుంచి అతను ఒకటే కోరుకున్నాడు: చెల్లె ఎన్నడూ అడగకూడదు. అడగాలంటే ఆమె గుండె కుదుటపడాలి. అంటే కుదుటపడొద్దని కోరుకుంటున్నట్టే కదా అని ఒకరోజు అతనికే తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా మర్నాడు ఆమె పేరుతో ఫోన్ మోగితే మళ్లీ అదే కోరుకున్నాడు.

ఏడో నెలలో ఆమె అడిగింది.

"అన్నా, బాబు ఫోటోలు ఇస్తవా? నిన్న కండ్లు మూసుకుని వాని మొఖం యాది చేసుకుందామని కూసున్న. చెవులు యాదికొచ్చినయి, వేళ్లు యాదికొచ్చినయి. మొఖం మాత్రం వస్తలేదు. ఇప్పుడు చూడగలుగుత అనిపిస్తున్నది."

"ఇంట్ల రంగులేస్తున్నరు నీలా. సామానంత మూటలు కట్టినం. జర ఆగు, వెతికి తెస్త."

వారం తర్వాత మళ్లీ అడిగింది. కేబుల్ పాడైందన్నాడు. మూడోసారి అడిగినప్పుడు పని మీద ఉన్నానన్నాడు. "సరే అన్నా, నీకు వీలైనప్పుడే," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ మాటతో అతను దుకాణం మమతకు అప్పగించి, డిస్క్‌తో మెహిదీపట్నం బస్సెక్కాడు. పోయిన ఫైళ్లు వెనక్కి తీసే చోటు ఒకటి అక్కడుందని విన్నాడు. మనస్విని అనే అమ్మాయి డిస్క్ తీసుకుని, జరిగిందంతా విన్నది.

"ఫార్మాట్ అయిన వెంటనే తీసి పక్కన పెట్టి ఉంటే చాలావరకు వచ్చేవండి. దాని మీద మళ్లీ మళ్లీ రికార్డ్ చేశారు. ఇంకో కాపీ ఎక్కడా లేదా?"

"లేదమ్మా."

ఆమె డిస్క్ మీద అతని పేరు రాసి అంటించింది. తిడితే బాగుండేదనిపించింది అతనికి.

పది రోజులకు తొమ్మిది ఫోటోలు వచ్చాయి. అన్నీ పైభాగమే, కింద బూడిద రంగు. ఒకదాంట్లో దవాఖాన గోడ, ఒకదాంట్లో తొట్టెల తాళ్లు. ఒక్కదాంట్లో పిల్లాడి నుదురు కనుబొమ్మల దాకా వచ్చి, అక్కడితో ఆగిపోయింది.

జితేందర్ అక్కడి నుంచి నేరుగా మొయినాబాద్ వెళ్లాడు. నీలవేణి, ఆమె అత్త అరుణాదేవి ముందు గదిలో కూర్చుని ఉన్నారు. అన్న చేతిలో డిస్క్ చూడగానే నీలవేణి ముఖం వెలిగింది.

"దొరికిందా అన్నా?"

అతను నిలబడే చెప్పాడు. టీవీ సంగతి, మ్యాచ్‌ల సంగతి, రంగులేయకుండానే వేస్తున్నామని చెప్పిన సంగతి, మిగిలింది తొమ్మిది ముక్కలేనన్న సంగతి, అన్నీ. నీలవేణి అతన్నే చూస్తూ ఉంది గాని ఏడవలేదు. అరుణాదేవి మెల్లగా అన్నది.

"నా పాత ఫోన్‌ల తొట్టెల పండుగ ఫోటోలు ఉండె. నేనే తీసిన, యాబై దాకా. పోయిన ఆదివారమే దాన్నిచ్చి కొత్తది తెచ్చుకున్న. అందులున్నదంత పరమేశే తుడిచిండు. వాని ఫోన్ పోయినేడే ఖరాబైంది. నీ దగ్గర అన్నీ ఉన్నయని కదా మేము ఫికర్ చేయలె."

నీలవేణి వేళ్ల మీద రోజులు లెక్క పెట్టుకుంది.

"నేను నిన్ను మొదలు అడిగినప్పుడు ఆ ఫోన్ గీ అల్మారల్నే ఉన్నది అన్నా," అంది. "అప్పుడే చెప్తే ఆ ఫోటోలన్న మిగులుతుండె. నన్ను మూడుసార్లు అడిగించినవు. ఒక్కొక్కసారి అడగనీకి నేనెంత ధైర్యం తెచ్చుకున్ననో నీకు తెలుసా?"

జితేందర్ చేతిలోని డిస్క్‌ను బల్ల మీద పెట్టబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడు పో అన్నా," అన్నది ఆమె. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇంటికి వచ్చి మమతకు అంతా చెప్పాడు. "టీవీల నొక్కింది పొరపాటు. తర్వాత చేసిందంత నువ్వు తెలిసి చేసినవు," అన్నది మమత. అయినా తొట్టెల పండుగకు వచ్చిన వాళ్ల పేర్లు గుర్తు చేసి, కాగితం మీద రాసింది ఆమే. ముప్పై నాలుగు పేర్లు. జితేందర్ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఎందుకని అడిగిన వాళ్లకు దాచకుండా చెప్పాడు: "నా దగ్గర పెడితే నేను పోగొట్టిన." కొందరు ఫోన్‌లు మార్చారు, కొందరు ఎప్పుడో తీసేశారు.

శంకర్‌పల్లిలో ఉండే చిన్నమ్మ జానకీదేవి మాత్రం, "నాకు తీసేసుడు రాదు బిడ్డా. అన్నీ అట్లనే ఉన్నయి, వచ్చి చూసుకో," అన్నది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. ఆమె ఫోన్‌లో ఏళ్ల నాటి గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు వేలల్లో ఉన్నాయి. వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ జరుపుతూ పోయాడు. చిన్నమ్మ రెండుసార్లు చాయ్ తెచ్చింది. మధ్యాహ్నం దాటాక రెండు ఫోటోలు దొరికాయి. మసకగా ఉన్నాయి, కానీ పిల్లాడి ముఖం మొత్తం ఉంది. వాటి కింద తొమ్మిది సెకన్ల వీడియో. రిత్విక్ పెద్దగా ఆవలించి, తన ఆవలింతకు తానే ఉలిక్కిపడి కళ్లు తెరుస్తాడు.

జితేందర్ అక్కడే కూర్చుని ఏడ్చాడు. తర్వాత అక్కడి నుంచి లేవకముందే వాటిని తన ఫోన్‌లోకి, మమత ఫోన్‌కు, ఈమెయిల్‌కు పంపాడు. అన్ని చోట్లా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాడు. దారిలో కొత్త డిస్క్‌లు రెండు కొని, రెండింటిలోనూ ఎక్కించి మొయినాబాద్ వెళ్లాడు.

నీలవేణి అతన్ని కూర్చోమనలేదు. వీడియో మాత్రం చూసింది. ఆరేడుసార్లు చూసింది. "గిట్ల ఉండె," అన్నది తనలో తానే. "ముక్కు గిట్లనే ఉండె." అరుణాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జితేందర్ డిస్క్‌లు రెండూ బల్ల మీద పెట్టి, మిగతావి ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాడు. ఆమె తలూపింది. అతను చెప్పులేసుకుని వచ్చేశాడు.

రెండు నెలలకు ఆడపిల్ల పుట్టింది. కబురు పరమేశ్వర్ చెప్పాడు. దవాఖానలో జితేందర్ పాపను ఎత్తుకున్నాడు గాని, ఫోటో తీయడానికి జేబులోంచి ఫోన్ తీసే ధైర్యం చేయలేదు. నీలవేణి వద్దనలేదు, తియ్యి అని కూడా అనలేదు.

ఇంకో నెల గడిచాక, దుకాణంలో ఉండగా ఆమె నుంచి ఫోన్ వచ్చింది. ఫోటోల సంగతి బయటపడ్డాక తానుగా చేయడం అదే మొదలు.

"అన్నా, పాప ఫోటోలు ఒక డిస్క్‌ల ఎక్కించిన. రెండోదాంట్లకు ఎట్ల పంపాలె?"

"తీసుకొని రా, నేను ఎక్కించి ఇస్త..." అనబోయి ఆగాడు.

"వద్దు, నువ్వు చెప్పు. నేనే చేసుకుంట," అన్నది ఆమె. గొంతులో కోపం లేదు. కొత్త పని నేర్చుకునే మనిషి గొంతు.

జితేందర్ కౌంటర్ దగ్గర రంగులకు వచ్చిన గిరాకీని కూర్చోమని సైగ చేసి, ఏ కేబుల్ దేనికి పెట్టాలో మొదటి నుంచి నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు.