కాజాలావిడ సగం

చివరి కాజా వేసి, దారం తెంపి, చొక్కాను పక్కనున్న కుప్పలోకి తోసి ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది. యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో ఆవిడ పని గుండీలకు కాజాలు వేయడం. కాజాలావిడ అన్న పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూసేది, ఎవరినా అని.

పెడల్ ఇప్పుడు ఎడమకాలితో తొక్కుతోంది. కుడికాలు ఖాళీ అట్టపెట్టె మీద, చుట్టపుచూపుగా వచ్చిన బంధువులా, ఏ పనీ ముట్టుకోకుండా చాపుకుని ఉంది. ఆపరేషన్ కట్టు విప్పిన రోజు మోకాలి మీది గీతను ఆవిడ పరీక్షగా చూసి, "ఈ కుట్టు మా సూపర్‌వైజరైతే వెనక్కి పంపేవాడు" అంది.

లిగమెంటు తెగింది షటిల్ ఆడుతూ. తలకు నూనె పెట్టకపోవడం వల్లేనని అత్తగారు తేల్చారు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడంలో ఆ ఇంట్లో అత్తగారిని మించినవాళ్ళు లేరు.

వాకర్ అయింది, గోడ పట్టుకుని నడవడం అయింది, మెట్లు అయ్యాయి. షటిల్ ఆడే హాలు మూలన నిలబడి గోడకు కొట్టడమూ అయింది. ఇవాళ సాయంత్రం మళ్ళీ డబుల్స్. "కాలు సిద్ధంగా ఉందమ్మా, ఇక మీరే సిద్ధపడాలి" అంది వ్యాయామాలు చేయించే అమ్మాయి. కాలు వేరు, తను వేరు అని కాజాలావిడకు అప్పటిదాకా తెలియదు.

కోర్టులో ఆవిడ జోడీ తోడికోడలే. ఇంట్లో ఇద్దరికీ గిన్నె గిన్నెకూ పేచీ. కోర్టులోనూ పేచీయే, కాకపోతే అక్కడ పేచీ పడ్డకొద్దీ గెలిచేవారు. "నీదే కదక్కా, ఏం చూస్తున్నావ్, పెళ్ళిచూపులా?" అని చిన్నామె. "నా మీద పడకే, నీ వైపు నువ్వేడువు" అని పెద్దామె. షెడ్డులో పొద్దంతా పెదవి విప్పని కాజాలావిడ దాచుకున్న నోరంతా ఆ గంటలోనే విప్పేది. ఆ గంట కోసమే కాలును ఇంతదాకా నడిపించుకొచ్చింది.

ఆట మొదలైంది. అవతలివైపు బ్యాంకు గుమాస్తా, ఆయన కూతురు. మొదటి షటిల్ తిన్నగా కాజాలావిడ ముందుకే వచ్చింది. బ్యాటెత్తేలోగా "నాది" అంటూ తోడికోడలు అడ్డం వచ్చి కొట్టేసింది. రెండోదీ "నాది". నెట్ దగ్గర పడేదీ, వెనకగీత మీద పడేదీ "నాదేలే అక్కా, నువ్వుండు". పాయింట్లు వస్తూనే ఉన్నాయి.

"ఈసారి నా వైపు వచ్చింది వదిలెయ్" అంది కాజాలావిడ.

"అలాగే అక్కా."

కాపురానికి వచ్చాక తోడికోడలి నోట ఆ మాట రావడం అదే మొదలు.

"మీరూ సరిగ్గా కొట్టండి బాబాయ్‌గారూ. పసిపాపకు తినిపిస్తున్నట్టు వేస్తారేం?" అంది కాజాలావిడ గుమాస్తాతో.

గుమాస్తా మొహమాటపడి, సరిగ్గానే కొట్టాడు. షటిల్ పక్కగీత వైపు వచ్చింది. దూరమేం కాదు. ఒక్క అడుగు వేసి కుడికాలి మీద బరువు మోపితే చాలు. కాలు వెళ్ళబోయింది. ఆవిడే వెళ్ళనివ్వలేదు. ఆనాడు మోకాల్లో టప్‌మన్న చప్పుడు ఒంట్లో ఎక్కడో ఇంకా మిగిలే ఉంది. షటిల్ తాపీగా నేలమీద వాలింది.

పూర్వమైతే తోడికోడలు పైకప్పు లేచిపోయేలా దులిపేసేది. కాజాలావిడ ఆ దులుపు కోసం ఆగింది.

"పర్లేదక్కా" అంది తోడికోడలు. వంగి షటిల్ తనే తీసింది.

బెంచీ మీద మందుల షాపావిడ కూర్చుని ఉంది. ఇన్ని నెలలూ కాజాలావిడ సగంలో నిలబడి ఆడింది ఆమే. కాజాలావిడ ఆమెను రమ్మని సైగ చేసి, ఆమె లేచిన చోట తను కూర్చుంది.

"కాసేపు కూర్చుని వచ్చెయ్ అక్కా" అంది తోడికోడలు.

"మీరు ఆడండి. నేను పోయి వంట చూస్తాను."

"మరి రేపు?"

"రేపు షెడ్డులో పని ఎక్కువుందే."

రేపు షెడ్డుకు సెలవని ఇద్దరికీ తెలుసు. తోడికోడలు తలూపింది.

వరండా చివరికి వచ్చేసరికి లోపలి నుంచి తోడికోడలి గొంతు వినిపించింది.

"అలా వదిలేశావేం వదినా? ఆ మూల నీ పుట్టింటివాళ్ళదా?"

"నువ్వు దారికడ్డంగా స్తంభంలా నిలబడితే ఎలా పోను?" అని మందుల షాపావిడ.

మాటకు మాట అంటించడం పూర్తయ్యేదాకా కాజాలావిడ అక్కడే ఆగింది. తర్వాత మెట్లు దిగింది. కమ్మీ పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

హాల్లో బెంచీ కింద, లేసులు విప్పకుండానే ఆవిడ ఊడబీకి వదిలేసిన కొత్త బూట్లు పక్కకు ఒరిగి ఉన్నాయి. ఎడమదాని అడుగున నేల మట్టి అంటింది. కుడిది దుకాణంలోంచి తెచ్చినట్టే ఉంది.