అన్నయ్య స్కేలు

ఎస్తేరు దుప్పటి పిండుతోంది, ఎంత పిండినా అందులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, బకెట్ నిండి మేడంతా తడుస్తోంది. మేడ జ్ఞానాపురంలోని వాళ్ల మేడే, కానీ పిట్టగోడ ఉండాల్సిన చోట ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్ మొదలవుతోంది, అక్కడ వేసిన స్టేజీ మెట్లు వీళ్ల నీళ్ల ట్యాంకు దాకా వచ్చి ఆగుతున్నాయి, అదేమీ ఆమెకు వింతగా లేదు. బట్టలారేసే తీగ చాలక మైకు వైరు తెచ్చి కట్టింది. దాని మీద దుప్పటి వేసి, అంచులు లాగి, క్లిప్పులు పెడుతుంటే తడి గుడ్డ మీద వీడియో మొదలవుతోంది.

ఆ వీడియో ఆమెకు కంఠతా వచ్చు. 'ఉప్పుగాలి' బ్యాండు ఆ కాలేజీలో ఇచ్చిన కచేరీ అది. ఆ బ్యాండులో పాడే ఏలియా, ఎస్తేరు అన్నయ్య, వానాకాలంలో డెంగీ వచ్చి చనిపోయాడు. అతని చోట చెల్లెలు నిలబడి పాడిన మొదటి కచేరీ అది. దుప్పటి మీది బొమ్మలో ఆమె, అన్నయ్య నల్లచొక్కా వేసుకుని, చేతులు మోచేతుల దాకా మడిచి నిలబడి ఉంది. మైకు స్టాండును ఎవరూ దించలేదు, అది అన్నయ్య ఎత్తుకే ఉంది, అందుకని మెడ సాచి గడ్డం పైకెత్తి పాడుతోంది. వెనక డ్రమ్ములు దబదబలాడుతున్నాయి, గిటారు గీపెడుతోంది, ఆ మోతలో ఆమె గొంతు బావి అడుగున చేద గీసుకున్నట్టుగా వినిపిస్తోంది.

పాట 'కరెంటు పోయిన వీధి'. ఏలియా కట్టిన పాటల్లో జనం ఎక్కువగా అడిగేది. స్టేజీ ఎక్కేముందు బ్యాండు కుర్రాళ్లంతా చేతుల మీద చేతులు వేసి ఒట్టు పెట్టుకున్నారు, ఏలియా పాట ఏలియా స్కేలులోనే, అతను పాడిన శ్రుతిలోనే వాయించాలి, ఒక్క మెట్టు కూడా కదపకూడదు అని. అది అతనికి ఇచ్చే గౌరవం అనుకున్నారు. పాడాల్సిన ఆడపిల్లకు ఆ కింది శ్రుతి సరిపోతుందా అని అడగడం ఎవరికీ తోచలేదు, ఎస్తేరుకీ తోచలేదు. జనం ఏడ్చారు, ఫోన్లు వెలిగించి పట్టుకున్నారు, అచ్చం అన్నలాగే పాడిందని వీడియో కింద రాశారు. ఆ రోజు నుంచి తల్లి కృపమ్మ పొద్దుటి ప్రార్థన కాగానే ఈ వీడియో పెట్టుకుంటుంది. బొమ్మ చూడదు. కళ్లు మూసుకుని, అదే గొంతు, అదే గొంతు అని తనలో తాను అనుకుంటూ పాట అయ్యేదాకా కూర్చుంటుంది.

ఆ రోజు నుంచే ఎస్తేరు గొంతు సాయంత్రానికి బొంగురుపోతోంది. గొంతు లోపలికి అద్దం పెట్టి చూసిన డాక్టరు, నీది కాని చోట నొక్కి నొక్కి పాడుతున్నావు, వాపు కాస్తా కాయ కడితే ఇక ఏ పాటా పాడలేవు అని చెప్పాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. స్కేలు మారిస్తే తన గొంతు బతుకుతుంది. కానీ కళ్లు మూసుకున్న అమ్మకు కొడుకు వినపడడు.

దుప్పటి మీద పాట రెండో చరణంలోకి వెళుతోంది. అవతలి వైపు నుంచి ఎవరో దగ్గుతున్నారు.

"బుల్లీ, ఎవర్తే ఆ పిల్ల? సొంత సొక్కా నేదేటి?"

ఆ పేరుతో ఆమెను పిలిచేవాడు ఒక్కడే. ఎస్తేరు చేతిలోని క్లిప్పు జారి పడుతోంది, పడుతూనే ఉంది, ఎక్కడా తగిలిన చప్పుడు లేదు. ఆమె దుప్పటి అంచు పట్టి పైకెత్తుతుంది. అవతల, బోర్లించిన స్పీకరు పెట్టె మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. జుట్టు తడిగా ఉంది. ఎడమ చేతి మీద సెలైన్ సూదికి వేసిన ప్లాస్టరు అలాగే ఉంది. పోయినవాడని ఆమెకు తెలుసు, తెలిసినా పలకరించాలో పరిగెత్తాలో పాలుపోవడం లేదు. అతను మాత్రం విసుక్కుంటున్నాడు. దుప్పటి ఎత్తితే బొమ్మ మడత పడిపోతోందట, దించమంటున్నాడు.

ఆమె దించుతుంది. వెనక వైపు నుంచి చూస్తున్నాడు కాబట్టి అతనికి బొమ్మ తిరగబడి కనిపిస్తోంది, గిటారువాడు ఎడంచేతివాటం వాడైపోయాడని నవ్వుతున్నాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ పిల్ల మీద ఎవరన్నా కాలేసి తొక్కుతున్నారా, ఎందుకలా అడుగున పాకుతోంది అని అడుగుతున్నాడు.

"అన్నయ్యా, అది నేనే" అంటుంది ఎస్తేరు.

 దుప్పటి ఆకుపచ్చగా మారుతోంది, ఆసుపత్రి వార్డులో మంచానికీ మంచానికీ మధ్య లాగే తెరలా అవుతోంది, దాని కింద అన్నయ్య పాదాలు కనిపిస్తున్నాయి, గ్రౌండులోని జనం వార్డు బయట బెంచీల మీద సర్దుకుని కూర్చుంటున్నారు. పాట మాత్రం ఆగలేదు.

"నువ్వేటి? నీ గొంతు అలాగుండదు గదే. చర్చిలో నువ్వు పాడితే రేకులు మోగీవి."

తన మీద కోపమొచ్చిందేమో అనుకుంటుంది ఎస్తేరు. కోపమొస్తే భరించగలిగేది. ఇన్ని రోజులు అచ్చం అన్నలాగే ఉందని ఊరంతా మెచ్చుకున్న గొంతును అన్నయ్యే పోల్చుకోకపోవడం ఆమెకు దెబ్బ తగిలినట్టుంది. సంజాయిషీ చెబుతుంది. నీ స్కేలు కదా అన్నయ్యా, నీ మీద గౌరవంతో ఎవరం ముట్టుకోలేదు, అందరూ దాన్ని ఏలియా స్కేలనే అంటున్నారు, వేరే బ్యాండ్ల వాళ్లు కూడా అదే స్కేలులో వాయిస్తున్నారు అని ఒక్కొక్కటీ చెబుతుంది.

తెర అవతల అతను నవ్వడం మొదలుపెడతాడు, నవ్వు దగ్గులోకి దిగుతోంది, దగ్గు ఆగక మంచం కిరకిరలాడుతోంది.

"నా స్కేలేటి బుల్లీ. అది జలుబు స్కేలు."

ఆమెకు అర్థం కాదు. అతను నింపాదిగా, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెబుతున్నాడు. పాట కట్టినప్పుడు చాలా పై శ్రుతిలో కట్టాడు. రికార్డింగు రోజు వచ్చేసరికి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది, స్టూడియో మళ్లీ దొరకదు, కీబోర్డు వాయించే తిమోతిని పక్కకు పిలిచి కిందకు దించమన్నాడు. జలుబు పోయాక పైన పాడి చూశాడు, అందలేదు. ఇంకోసారి చూశాడు, అప్పుడూ అందలేదు. కింద పాడితేనే పాటకు బరువొస్తుంది అని మిగతావాళ్లకు చెప్పాడు.

"మనోళ్లు నమ్మీసారు. తిమోతి ఒక్కడికే తెలుసు. ఆడు నోరిప్పడు."

 ఆ మెట్టు కదపకూడదని ఒట్టు పెట్టుకున్నది దీనికా. రోజూ ఉప్పునీళ్లు పుక్కిలించి, మిరియాలు నమిలి, గొంతులో గరుకుకాగితం పెట్టుకున్నట్టు తిరుగుతున్నది అన్నయ్యకు అందని చోటు కోసమా. ఆమె తెర పట్టుకు లాగుతుంది, తెర అవతల మళ్లీ తెర ఉంది, అతను దాని అవతల ఉన్నాడు. పాదాలు మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తున్నాయి. డాక్టరు అన్నమాట మొదటిసారి పైకి చెబుతుంది. అమ్మ కళ్లు మూసుకుని కూర్చునే సంగతీ చెబుతుంది. పాట పైకి జరిపితే ఆవిడ ఎవరిని వింటుందని అడుగుతుంది.

"నన్ను ఇనాలంటే నా పాటలున్నాయి గదే. అవి ఏసుకోమను. నిన్నెప్పుడు ఇంటాది?"

 తెర పక్కనుంచి ప్లాస్టరు వేసిన చెయ్యి ఒకటి బయటికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకోకుండా ఆమె గొంతు వైపు చూపిస్తోంది.

"ఒకసారి పైన పాడవే. నేను కట్టిన పాట నేనెప్పుడూ ఇన్లేదు."

ఆ మాట అతను బతిమాలినట్టు అనలేదు, మంచినీళ్లు అడిగినట్టు అన్నాడు, అందుకే ఆమె తట్టుకోలేకపోతోంది. తనతో పాడించుకోవాలని అతను బతికుండగా ఒక్కసారీ అడగలేదు. వార్డు బయట బెంచీల మీది జనం లేచి నిలబడుతున్నారు. రోగుల్ని చూసేవాళ్ల టైము అయిపోయింది, బయటికి నడవండని ఆయా కేకేస్తోంది. ఎస్తేరు నోరు తెరుస్తుంది. ఎక్కడో కింద కీబోర్డు మోగుతోంది, అది ఆ కిందనే, ఆ జలుబు చోటులోనే మోగుతోంది, ఆమె అక్కడినుంచి పైకి ఎగరాలని చూస్తోంది, తెర కింద పాదాలు లేవు, "అన్నయ్యా, అమ్మకి ఎవరు చెప్తారు" అంటోంది.

మెలకువ వచ్చేసరికి చాప మీద ఉంది. మధ్యాహ్నం ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. కీబోర్డు నిజంగానే మోగుతోంది. ప్రాక్టీసుకు వచ్చిన తిమోతి ముందుగదిలో దాన్ని స్టాండు మీద పెట్టి, ఆమె లేచేదాకా ఊరికే వాయించుకుంటున్నాడు. కృపమ్మ అతనికి టీ ఇచ్చి, తన గ్లాసు పట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. అతను మొదలుపెట్టింది 'కరెంటు పోయిన వీధి' కావడంతో అప్పుడే కళ్లు మూసుకుంది.

ఎస్తేరు వెళ్లి తిమోతి వెనక నిలబడింది. స్టేజీ మీద ఎప్పుడూ అతని ఎదుటివైపు ఉండేది, ఇటు నుంచి ఎన్నడూ చూడలేదు. మీటల పైన చిన్న అద్దంలో నీలంగా ఒక అంకె వెలుగుతోంది, మైనస్ నాలుగు.

"తిమోతన్నా, అదేటి? అన్నయ్య జలుబప్పుడు దించిందేనా?" అంది.

అతని వేళ్లు ఆగాయి. ఏం లేదమ్మా అని మొదట దాటవేయబోయాడు. ఆమె కదలకపోయేసరికి తల వంచుకుని, ఆ బొత్తాము నొక్కితే వాయించే చోటు మారకుండానే శబ్దం కిందికి దిగుతుందని చెప్పాడు. తన వేళ్లు ఇప్పటికీ ఏలియా మొదట కట్టిన చోటే వాయిస్తున్నాయన్నాడు.

"మీ అన్నకి అందలేదమ్మా. ఎవరికీ సెప్పొద్దన్నాడు. నీకెవరు సెప్పారు?"

గుమ్మం దగ్గర గ్లాసు చిన్నగా చప్పుడైంది.  ఎస్తేరు చెయ్యి సాచి తనే బొత్తాము నొక్కింది, మైనస్ మూడు, రెండు, ఒకటి, సున్నా. వాయించమంది.

తిమోతి అవే మీటల మీద అవే వేళ్లు పెట్టాడు. పాట గదిలో ఒక్కసారిగా పైకి లేచి నిలబడింది. ఎస్తేరు మెడ సాచలేదు, దేన్నీ నొక్కలేదు, నోరు తెరిచేసరికి గొంతు దానంతట అదే వెళ్లి అక్కడ కూర్చుంది. 'కరెంటు పోయిన వీధిలో మన కిటికీ ఒకటే వెలుగు.' ఆ ఒక్క వాక్యం పాడి అమ్మ వైపు చూసింది.

కృపమ్మ కళ్లు తెరిచి ఉన్నాయి. ఆ గొంతులో కొడుకు దొరకక, ఇంట్లోకి ముక్కూమొహం తెలియని పిల్ల ఎవరో వచ్చినట్టు కూతురిని చూస్తోంది. రెండో వాక్యం దగ్గర పడుతోంది, తిమోతి ఆపమంటావా అన్నట్టు చూశాడు, ఎస్తేరు తల అడ్డంగా ఊపి అందుకుంది. కృపమ్మ టీ గ్లాసును కిటికీలో పెట్టింది, కొంగు సర్దుకుంది, చెప్పులు వేసుకుంది, కూతురి పాట వెనకనుంచి వినిపిస్తుండగా గడప దాటి వెళ్లిపోయింది.