రానూపోనూ ఖర్చులు

స్నేహితురాళ్ళను చూడటానికి వెళ్ళేటప్పుడు ఎవరైనా ముందు బట్టలు సర్దుకుంటారు. నేను మాత్రం ఒక పాత బిల్లు వెనకాల లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. రిజర్వేషన్ లేని పెట్టెలో ప్రయాణం, వాళ్ళ హాస్టల్ గదిలో నేల మీద పడక, సెలవు మీద వెళ్ళిన ఎవరిదో మెస్ కార్డు మీద భోజనం. అలా నాలుగు రోజులుండి రావాలని నా ఆశ. ఎంత పిండినా ఆ లెక్క నా పర్సుకు లొంగలేదు. మూడు నెలలుగా మా ఫెలోషిప్ రాలేదు. అడిగితే ఆఫీసువాళ్ళు మేమేదో తప్పు చేసినట్టు చూస్తారు.

వెళ్ళకుండా ఉండటానికీ లేదు. నత్త వాళ్ళమ్మ పోయి రెండు నెలలైంది. డిగ్రీలో మేం ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒక్కో మెతుకూ లెక్కపెట్టుకుని తింటుందని దానికి నత్త అని పేరు పెట్టింది నేనే. మూడోది లాయరు. అదీ మాలాగే మట్టి పరీక్షలు చేసుకునేదే గానీ, వాదనలో అది ఓడిపోగా చూసినవాళ్ళు లేరు. వాళ్ళిద్దరికీ ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది, నాకు ఇంకో చోట. నత్త వాళ్ళమ్మ పోయిన వారం నేను మట్టి నమూనాల కోసం పొలాల వెంట తిరుగుతున్నాను. వెళ్ళలేకపోయాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. ఫోన్ చేస్తే "ఊఁ" అంటుంది, "తిన్నా" అంటుంది, పెట్టేస్తుంది.

"అది ఇంతవరకూ ఏడవలేదే," అంది లాయరు ఫోన్‌లో. "గోడవైపు తిరిగి పడుకుంటోంది. నేను దగ్గర కూర్చుంటే నా నోరు ఊరుకోదు, ఏదో ఒకటి వాగుతాను. దానికి కావాల్సింది నువ్వు. వచ్చి పక్కన కూర్చో చాలు."

"రావాలనే ఉందే. చేతిలో చిల్లిగవ్వ లేదు."

రెండు రోజులాగి అదే మళ్ళీ ఫోన్ చేసింది. గొంతులో సంబరం. "మా డిపార్ట్‌మెంట్‌కి బయటి వక్తల కోసం ఇచ్చిన డబ్బు మిగిలిపోయిందట. ఈ నెలలో ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతుంది. నీ పేరు ఇచ్చేశా. నీ పరిశోధన మీద ఓ గంట మాట్లాడు. రానూపోనూ ఛార్జీలు వాళ్ళవే!"

ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగుతాం కదా, సరేనన్నాను. తర్వాత ఉత్తరం వచ్చింది. ఉదయం దిగాలి, సాయంత్రం ఆరింటి రైలుకి తిరిగి వెళ్ళాలి. రైల్లో టీసీ గుర్తు పెట్టిన రెండు టిక్కెట్లూ, ప్రయాణం అయ్యాక, జత చేసి పంపితేనే డబ్బు. ఒక్కటి లేకపోయినా రెండూ రావు. నాలుగు రోజులు కాస్తా ఒక్క రోజైంది. పోనీలే, ఒక్క రోజైనా దాని పక్కన ఉంటాను కదా అనుకున్నాను. పక్కింటి కుర్రాడి దగ్గర అప్పు చేసి టిక్కెట్లు కొన్నాను.

రైలు దిగితే ఎదురుగా నా స్నేహితురాళ్ళు లేరు. నా పేరు రాసిన కాగితం పట్టుకుని గుమాస్తా ఉన్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో అక్కడి నుంచి తెలిసింది. పదింటికి హెడ్డుగారితో పరిచయం. పదకొండింటికి ప్రయోగశాలలు చూడటం. పన్నెండున్నరకి గెస్ట్‌హౌస్‌లో పెద్దవాళ్ళతో భోజనం. అక్కడికి విద్యార్థులను రానివ్వరట, లాయరు గేటు దగ్గరే వాచ్‌మన్‌తో వాదించి మొదటిసారి ఓడిపోయింది. మధ్యమధ్య గుమాస్తా వచ్చి మూడేసి కాపీల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఒళ్ళంతా పులిసిపోయింది. నిద్రలో నడుస్తున్నట్టే తిరిగాను.

మూడింటికి నా ఉపన్యాసం. పధ్నాలుగు మంది వచ్చారు. చివరి వరసలో నత్త కూర్చుంది. ఎంత చిక్కిపోయిందో! మెడ దగ్గర ఎముకలు తేలాయి. నేను మట్టిలో తేమ గురించి చెబుతూనే ఉన్నాను, చెబుతున్నంతసేపూ నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఎవరి కోసం వచ్చాను, ఎవరితో మాట్లాడుతున్నాను? ఒక పెద్దాయన ప్రశ్న అడుగుతానని లేచి పావుగంట తన గురించి చెప్పుకున్నాడు. తర్వాత టీ, తర్వాత ఫొటో. టీ దగ్గర నత్త నా వరకూ రాగలిగింది.

"బాగా చెప్పావే."

"తిన్నావా?"

"తిన్నా."

అంతలో హెడ్డుగారు నన్ను పిలిచారు.

స్టేషన్‌కి కారిచ్చారు. దారిలో దిగాలంటూ ఇందాకటి పెద్దాయన ముందు సీట్లో ఎక్కాడు. లాయరు హాలు తాళాలు అప్పజెప్పాలని ఉండిపోయింది. వెనక నత్తా నేనూ. పెద్దాయన తన ఇల్లు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ప్లాట్‌ఫాం మీద బల్ల దొరికేసరికి రైలుకింకా పదినిమిషాలే ఉంది.

"తప్పయిపోయిందే," అన్నాను. "డబ్బులు మిగుల్తాయని ఒప్పుకున్నా. నీ కోసం వచ్చి, ఊళ్ళోవాళ్ళందరి దగ్గరా కూర్చున్నా. బుద్ధి లేదు నాకు."

నత్త నెమ్మదిగా అంది. "అమ్మ పోయిన రోజూ ఇంతేనే. వచ్చినవాళ్ళకి కుర్చీలేశా. మంచినీళ్ళిచ్చా. ఎవరెప్పుడు బయల్దేరారు, ఎవరికి బస్సు దొరకలేదు, అన్నీ నేనే చూశా. సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు చూస్తే అమ్మ కూడా లేదు."

రైలొచ్చి ఆగింది. జనం మా మోకాళ్ళకు సంచులు తగిలిస్తూ పరుగెత్తారు. నా టిక్కెట్టు నా గుప్పిట్లోనే ఉంది. నా సీటున్న పెట్టె సరిగ్గా మా ఎదురుగానే ఉంది. నేను లేవలేదు.

"లేవే, కదిలిపోతుంది," అంది నత్త. "పిచ్చిదానా, ఎక్కకపోతే నీకు ఒక్క రూపాయి కూడా రాదు..."

అంటూనే ఏడుపు మొదలుపెట్టింది. చిన్నపిల్లలా, నోరు తెరుచుకుని, చుట్టూ ఎవరున్నారో చూడకుండా. వెళ్ళు వెళ్ళు అంటూనే నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. రైలు వెళ్ళిపోయాక కూడా వెళ్ళమనే అంటోంది.