పదిహేడో పెట్టె

సోలార్ పలకల కరెంటును పగలంతా నింపుకుని, పొద్దుగూకాక ఊళ్లకు పంపే బ్యాటరీ యార్డు అది. కంకర నేల మీద నాలుగు వరసల్లో నలభై తెల్లటి ఇనుప పెట్టెలు, ఒక్కొక్కటి లారీ అంత. కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చునే ఆపరేటరు, యార్డులో తిరిగే ఎలక్ట్రీషియను వరసకు బావామరదళ్లు. ఆమె అక్క మొగుడే అతను.

ఆ రోజు పదకొండింటికి పదిహేడో పెట్టెలో గ్యాస్ ఉందని అలారం మోగింది. ఆమె వెంటనే దాన్ని లైన్లోంచి తప్పించింది. అయినా లోపలి వేడి యాభై, అరవై, డెబ్భై అంటూ ఎక్కుతూనే ఉంది.

"బావా, పదిహేడు దగ్గరికి వెళ్లకు!" అంది వాకీటాకీలో.

కెమెరాలో చూస్తే, పెట్టె నెత్తిన వెలిగే ఎర్రదీపం కేసి తాపీగా నడుస్తున్నాడు. ఫ్యాన్ల హోరుకి చెవుల్లో బిరడాలు పెట్టుకున్నాడు. చేతిలో తాళంచెవి.

గ్యాస్ నిండిన పెట్టె తలుపు తీస్తే, గాలి తగిలి పేలుతుంది. ఆమె ఫైరింజన్‌కు ఫోను చేయమని పక్క గదిలోని సూపర్‌వైజరుకు అరిచి చెప్పి పరుగెత్తింది. కంకరలో కాళ్లు జారాయి.

అతను తాళంచెవి తలుపులో పెట్టేశాడు. ఆమె వెనకనుంచి చొక్కా పట్టి లాగింది.

"ఏంటే, పిచ్చా?" అంటూ బిరడాలు పీకాడు. "వారంలో మూడుసార్లు ఉత్తినే మోగింది కదా ఇది! నాన్నా పులి కథే."

"ఈసారి పులి వచ్చింది బావా! పద!"

ఆమె మొహం చూశాక అతనూ పరుగందుకున్నాడు. ఇద్దరూ కాంక్రీటు గోడ చాటున కూలబడ్డారో లేదో, తలుపు తీయకుండానే లోపలి వేడికి పెట్టె పేలి నేల అదిరింది. దాని పైకప్పు రేకులు అట్టముక్కల్లా ఎగిరాయి. తలుపు ఊడి, ఇందాక అతను నిలబడ్డ చోటు దాటి పడింది.

ఫైర్ వాళ్లు కాలేదాన్ని కాలనిచ్చి, చుట్టుపక్కల పెట్టెల మీద సాయంత్రం దాకా నీళ్లు కొట్టారు.

"మీ అక్కకి చెప్పకే" అని అతను నవ్వబోయాడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"నువ్వే చెప్పు. నేను చెప్తే ఇద్దర్నీ చంపేస్తుంది."

పొద్దు వాలింది. కాలిన వరసను విడదీసి, మిగతా ముప్పై పెట్టెలు బాగానే ఉన్నాయని తేల్చారు. ఊళ్లకు కరెంటు పంపాలి. ఆమె మౌస్ పట్టుకుంది గానీ నొక్కలేదు. అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"భయమేస్తోంది బావా."

"నాకూను. ఒక్కోటీ చూసుకుంటూ వదులు."

ఆమె మొదటి పెట్టె కరెంటు వదిలింది. వేడి ముప్పై. ముప్పై ఒకటి కాగానే ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. అంకె అక్కడే ఆగింది. వాళ్లు మాత్రం చాలాసేపటి దాకా కూర్చోలేదు.