పూలు లేని మంద

ఒర్నెల్లా దేవదారు రెమ్మల్ని తీగచట్రానికి కడుతోంది. వంటింటి బల్ల నిండా డేలియాలు, చామంతులు, ఆమె ముంజేతుల నిండా జిగురు. వేసవంతా కొండమీది పచ్చికబయళ్ళలో మేసిన ఆవులు రేపు ఉదయం కిందికి దిగుతాయి. సెప్టెంబరులో అవి నెత్తిన పూలకిరీటాలతో వాల్‌మోరా వీధుల్లోకి రావడం ఆ లోయలో తాతలనాటి ఆచారం. దాన్ని చూడటానికి మిలాన్ నుంచీ వెరోనా నుంచీ జనం ఎగబడతారు. ఒర్నెల్లా అత్తింటివాళ్ళు నడిపే బసలో గదులన్నీ నిండిపోయాయి. ఆ గదుల్లో దుప్పట్లు మార్చింది ఒర్నెల్లా, స్నానాలగదులు కడిగింది ఒర్నెల్లా. వీధిలో బోర్డు మీద పేరు మాత్రం ఆమె మొగుడు తార్చీసియోది.

"ముందునడిచే ఆవు కిరీటం ఇంకాస్త పెద్దది కట్టు. మధ్యలో అద్దం తళతళలాడాలి. పోస్టరుకి ఫొటో తీస్తారట," అన్నాడతను గుమ్మంలోంచే.

"అమ్మ పోయి నెల కూడా కాలేదు తార్చీసియో. చావు జరిగిన ఇంటి ఆవులకి పూలు కట్టరు."

"చావు ఇంట్లో జరిగితే కదా! మీ అమ్మ ఈ ఇంటి మనిషా? ఆవిడ ఊరు వేరు, ఇంటిపేరు వేరు."

"ఆచారం ఆచారమేనమ్మాయ్," అంది చిక్కుడుగింజలు వలుస్తున్న అత్తగారు అగాత. "నీకు బాధగా ఉందని మార్చేస్తామా?"

ఒర్నెల్లా ఇంకో రెమ్మ అందుకుంది. ఆచారం ఆమెకెవరూ చెప్పక్కర్లేదు. రెండేళ్ళ కిందట మొగుడి బాబాయి బొర్తోలో పోయినప్పుడు మందంతా బోసితలలతో దిగింది. ముందు ఆవు మెడకి నల్లగుడ్డ కట్టింది తనే. ఆ బొర్తోలో ఎవరు? కుర్రతనంలో బెల్జియం బొగ్గుగనులకి పోయి, అక్కణ్ణుంచే ఆస్తికోసం వీళ్ళమీద దావా వేసి, పండక్కి ఒక కార్డుముక్క కూడా రాయని పెద్దమనిషి. ఈ ఆవుల మొహం చూసెరగడు. అయినా ఇంటివాడే! తన తల్లి ఎల్వీరా విధవరాలైన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ కొండ ఎక్కి, పొద్దునా సాయంత్రం ఈ ఆవుల పాలు పితికింది, వాటి పురుళ్ళు పోసింది, వేళ్ళు కొంకర్లు పోయేదాకా జున్నుముద్దలు తిరగేసింది. ఒక్క వేసవికీ జీతం అడగలేదు. అడగనందుకే పరాయిదైంది కాబోలు. ఆగస్టులో ఆమె మంచానపడ్డప్పుడు, వెళ్ళి పక్కన కూర్చుంటానని ఒర్నెల్లా బతిమాలింది. "ఇల్లంతా జనం, వండేదెవరు? సీజన్ అయ్యాక వెళ్ళు, ఎంతసేపైనా కూర్చో," అన్నాడు తార్చీసియో. వాల్‌మోరాలో సీజన్ ఎప్పుడు అయిపోయి చచ్చింది గనక! ఎండాకాలం కొండలెక్కేవాళ్ళు, చలికాలం మంచుమీద జారేవాళ్ళు. అమ్మ ఆగలేదు. ఉదయం ఫలహారాలు వడ్డించి, గిన్నెలు తోమి వెళ్ళేసరికి శవపెట్టె మూసేశారు. ఆ మొహం చూడనివ్వని కాఫీకప్పుల్ని తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఆ సాయంత్రం భోజనాలప్పుడు, మిలాన్ నుంచొచ్చి బసలో దిగిన ఆవిడ, వేసిన రొట్టె తినకుండా తుంచిపోస్తూ, "ఎంత అదృష్టవంతులమ్మా మీరు! రోజూ ఈ కొండల్ని చూస్తుంటారు!" అంది. ఒర్నెల్లా చూసే కొండ అంట్లతొట్టి ముందున్న కిటికీలో పట్టినంతే. "కొండమీంచి వినపడే ఆ ఆవులగంటలు మాత్రం తెల్లారగట్ల కాస్త ఆపించకూడదూ? నిద్ర పట్టి చావదు," అని కూడా అంది ఆవిడే. తర్వాత ఒర్నెల్లా మొహం చూసి, "ఏంటి, ఈవిడ నవ్వదా?" అని తార్చీసియోని అడిగింది.

"వాళ్ళమ్మ పోయిందిలెండి. అందుకని ఆవులకి పూలొద్దంటోంది!"

"అయ్యో! మేం అంతదూరం నుంచి వచ్చింది అందుకేగా?"

"నేనుండగా మీకేం లోటు?" అంటూ అతను సారా గ్లాసులు నింపాడు. "ముందే చెప్పేశాను మా ఆవిడకి. పోతే పోయావుగానీ, సెప్టెంబరులో మాత్రం పోకే అని!"

బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. అగాత కూడా నవ్వింది. వేడివేడి పొలెంటా అనే మొక్కజొన్న సంకటి గిన్నె ఒర్నెల్లా చేతుల్లో ఉంది. దాన్ని అతని నెత్తిన బోర్లించాలనిపించింది, నిజంగానే అనిపించింది. బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తను పోయినా లెక్క ఇంతేనన్నమాట. ఇన్నేళ్ళ చాకిరీ తర్వాత కూడా, ఏ నెలలో పోయిందనేదే ప్రశ్న. ఆమె వెళ్ళి మిగిలిన కిరీటాలన్నీ కట్టింది. అంత అందంగా ఎప్పుడూ కట్టలేదు.

మర్నాడు ఉదయం కొండమీద, మగవాళ్ళు గుడిసెలో కాఫీలో సారా కలుపుకుని తాగుతుంటే, ఒర్నెల్లా ఆవుల్ని ముస్తాబు చెయ్యడానికి కొట్టంలోకి వెళ్ళింది. అది ఎప్పుడూ ఆడవాళ్ళ పనే కాబట్టి ఎవరూ వెంట రాలేదు. మూలన అమ్మ పాలుపితికే ముక్కాలిపీట బోర్లించి ఉంది. మేకుకి ఆమె నల్ల తలగుడ్డ వేలాడుతోంది, ఇంకా పాలవాసనతో. ఒర్నెల్లా పీటని తిప్పి నేలమీద నిలబెట్టింది. కిరీటాలన్నీ ఒక్కొక్కటే తెచ్చి దాని చుట్టూ పేర్చింది, అద్దమున్నదాన్ని పీటమీద పెట్టింది. నల్లగుడ్డ తీసుకెళ్ళి ముందునడిచే ఆవు గంటపట్టెడకి కట్టింది. ఆ ఆవు గుడ్డని వాసన చూసి చిన్నగా అరిచింది. అప్పుడేడ్చింది ఒర్నెల్లా, చావునాడు రాని ఏడుపంతా.

తార్చీసియో ఈక గుచ్చిన టోపీ పెట్టుకుని ఎప్పట్లాగే మందకి ముందు నడిచాడు. వెనక గంటలు మోగుతుంటే చాలు, వెనక ఎవరేం చేస్తున్నారో చూసే అలవాటు అతనికి ఏనాడూ లేదు. కూలికొచ్చిన ఇద్దరూ మాత్రం బోసితలల్ని చూశారు. ఆచారమెరిగినవాళ్ళు గనక మారుమాట్లాడక టోపీలు తీసేశారు.

ఊరి మొదట్లోనే బ్యాండు ఆగిపోయింది. దారికి రెండువైపులా మగవాళ్ళు టోపీలు తీశారు. అదంతా తనకి మర్యాదనుకుని తార్చీసియో చెయ్యి ఊపబోయాడు. చర్చి ముందు, గంటలు కొట్టే ముసలి ఫెర్మో ఎదురొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరయ్యా మీ ఇంట్లో పోయింది?"

అతను వెనక్కి తిరిగాడు. మంద నిండా ఒక్క పువ్వు లేదు. ఊరంతా చూస్తోంది, చావుని కాదనడానికి నోరు రావాలి కదా.

"మా... ఎల్వీరా," అన్నాడు చివరికి. "మా ఇంటి మనిషి."

"మంచి పని చేశావు! ఆవిడ చేతుల మీద పెరిగినవేగా ఇవన్నీ! అత్తగారికోసం పూలు మానేసినవాణ్ణి ఈ లోయలో నిన్నే చూశాను నాయనా," అన్నాడు ఫెర్మో. అతని వెనకే ఊళ్ళోవాళ్ళు వరసకట్టి తార్చీసియో చెయ్యి పట్టుకున్నారు. గుంపులో నిలబడ్డ అగాత కూడా శిలువగుర్తు వేసుకుంది. వేసుకోకపోతే నలుగురూ ఏమనుకుంటారు? మిలాన్ ఆవిడ ఫోను దించి, "పూలేవీ? మా సంగతేంటి?" అని అరుస్తోంది.

'మా ఇంటి మనిషి' అన్న మాట కోసమే కదా ఇంత చేసింది, కానీ అది అతని నోట విన్నాక ఒర్నెల్లాకి మనసు కరగలేదు. ఊరు చూడకపోతే అతను ఆ మాట అని ఉండడని ఆమెకి తెలుసు.

జనం పల్చబడగానే అతను దగ్గరికొచ్చి పళ్ళు కొరికాడు. "నా పరువు తీశావు కదే! సర్లే, అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇంటికి పద, అందరూ భోజనానికి కూర్చుంటారు."

ఒర్నెల్లా నడుముకున్న ఏప్రన్ విప్పి, మడతపెట్టి అతని చేతిమీద వేసింది. అమ్మ ఊరికి పోయే దారివైపు తిరిగింది.

"ఎక్కడికే?"

"అమ్మ ఇంటికి. కూర్చోడానికి."

"మరి ఎప్పుడొస్తావ్?"

"సీజన్ అయ్యాక," అంది ఒర్నెల్లా.